పేరు తీసి పదవి రాసినందుకు

మా తమ్ముణ్ణి అందరూ పోలికల మాస్టారంటారు. ఆ పేరు పెట్టింది నేనే. వాడికి మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఇదే గోల. పక్కింటి తలుపు లోపలికి తెరుచుకుంటుంది, మన తలుపు బయటికెందుకు తెరుచుకుంటుంది? పెద్దమామయ్య కోపమొస్తే అరుస్తాడు, చిన్నమామయ్య కోపమొస్తే అన్నం మానేస్తాడు, ఇద్దరూ ఒక్క తల్లి కడుపునే పుట్టారు కదా, మరెందుకలా? అమ్మ విసిగిపోయి, "నీ పోలికలు తగలెయ్య, ముందు ఆ ముద్ద మింగరా" అనేది. ఆ పోలికలే రేపు వీడికి జీతమిస్తాయని ఎవరనుకున్నారు?

మా నాన్న కోర్టులో బంట్రోతు. జడ్జిగారు వచ్చే ముందు గట్టిగా కేకేసి అందర్నీ లేపి నిలబెట్టడం ఆయన పని. ఒకసారి వీణ్ణి కూడా వెంట తీసుకెళ్ళాడు. బయట ఎండ మండిపోతుంటే లోపల లాయర్లందరూ నల్లకోట్లు వేసుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నారట. "నాన్నా, వీళ్ళకేమైనా పిచ్చా?" అని అందరి ముందూ అడిగేశాడు. నాన్న వాడి నోరు మూసి బయటికి లాక్కొచ్చి, "దొరలు పోతూ పోతూ వదిలేసి పోయార్రా. వాళ్ళ ఊళ్ళో చలి, వాళ్ళకి కోటు కావాలి. మనకెందుకని ఎవడూ అడగలేదు" అన్నాడు. అప్పటినుంచి వీడు అడగడం మొదలుపెట్టాడు. జుట్టు నెరిసేదాకా అదే అడుగుతూ ఉన్నాడు.

యూనివర్సిటీ వెనక ఒక పరిశోధన కేంద్రం ఉంది. మూడో అంతస్తు, లిఫ్టు ఎప్పుడూ పనిచెయ్యదు, గోడ పొడుగునా ఇనప బీరువాలు. మావాడి ఉద్యోగం అక్కడ. ఒకప్పుడు ఒకే దొరలు ఏలిన దేశాల్ని తెచ్చి పక్కపక్కన పెట్టి, వాళ్ళు వదిలేసిన పద్ధతులు ఎక్కడ నిలిచాయో ఎక్కడ చెడిపోయాయో చూడటం పని. నాకర్థమైనంతలో, ఒకే తాను చించి ముగ్గురు పిల్లలకు బట్టలు కుట్టిస్తే, ఎవడు ఎక్కడ చింపుకున్నాడో చూడటమన్నమాట. వీడు చూసే దేశాలు మూడు. ఒకటి మనది. ఇంకోటి మనకన్నా చాలా పెద్దది. మూడోది ఎంత చిన్నదంటే, పొద్దున ఆ చివర బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఈ చివర దిగొచ్చు.

నాకు కళ్ళజోళ్ళ షాపుంది. మా ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. మధ్యాహ్నం బేరాలు పలచబడే వేళకి తమ్ముడు వచ్చి, కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పేవాడు. స్పీకరు కుర్చీ ఎక్కగానే తన పార్టీని మరిచిపోవాలట, అది దొరలు నేర్పిన మర్యాద. పెద్ద దేశంలో సగం మరిచిపోతారట. మన దేశంలో మరిచిపోయినట్టు నటిస్తారట. "మరి చిన్న దేశంలో?" అంటే, "అదే తేలట్లేదక్కా, బయటినుంచి చూస్తే అద్దంలా ఉంది, లోపలేముందో" అనేవాడు. నేను లెన్సులు తుడుచుకుంటూ ఊఁ కొట్టేదాన్ని. సగమే అర్థమైనా, వీడు చెబుతుంటే వినబుద్ధేసేది.

ఆ లోపలి సంగతి తెలుసుకోవడానికే వీడు ఆ చిన్న దేశం వెళ్ళాడు. అక్కడ సభా కార్యదర్శిగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి దొరికాడు. స్పీకరు పక్కన, కిందిమెట్టు మీద కూర్చుని, రూలేమిటో ఆయన చెవిలో చెప్పే ఉద్యోగం. సన్నగా, పొడుగ్గా ఉంటాడట, ఇంట్లో కూడా కోటు విప్పడట. మూడు రోజులు టీ ఇచ్చి వాతావరణం గురించి మాట్లాడి పంపేశాడట. నాలుగో రోజు వంటింట్లో కూర్చోబెట్టి, అసలు సంగతి బయటపెట్టాడు. స్పీకరు సభలో చదివే తీర్పులు స్పీకరువి కావు. పొద్దున్నే అధికార పార్టీ ఆఫీసులో టైపు చేసి పంపుతారు. వాటిని తీసుకెళ్ళి స్పీకరు బల్ల మీద పెట్టింది ఈయనే. ఉద్యోగమంతా అదే చేశాడు. "ఇన్నేళ్ళూ మింగుకుని కూర్చున్నానండీ. పోయేలోగా ఒక్కసారి ఎవరికైనా చెప్పాలనిపించింది" అన్నాడట. ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఏడ్చిందట.

"మీ పేరు ఎక్కడా రానివ్వను, నాదీ పూచీ" అని మావాడు చేతిలో చెయ్యేసి వచ్చాడు.

మాట తప్పాడా అంటే తప్పలేదు. అదే కదా నా కడుపుమంట. వాడి దగ్గర చదువుకున్న ప్రతివాడికీ వాడు నూరిపోసిన సూత్రమొకటుంది: పేరు తీసెయ్, పదవి రాయి, ఎన్నేళ్ళ అనుభవమో రాయి. ఎవరు చెప్పారో తెలియకూడదు, కానీ తెలిసినవాడే చెప్పాడని పాఠకుడు నమ్మాలి. పెద్ద దేశంలో ఈ సూత్రం చక్కగా పనిచేసింది. 'ఒక సీనియర్ జిల్లా అధికారి' అంటే అక్కడ వందలమంది, ఎవడని పట్టుకుంటారు? మన దేశంలోనూ ఇబ్బంది రాలేదు. అలవాటైన చెయ్యి అలాగే రాసుకుపోయింది. 'దీర్ఘకాలం పనిచేసి పదవీ విరమణ పొందిన సభా కార్యదర్శి ఒకరు ఈ రచయితతో అన్నారు' అని చిన్న దేశం గురించి కూడా రాసేశాడు. వాడు చూశాడు, వాడి తోటివాళ్ళు చూశారు, పత్రికవాళ్ళు పంపిన పండితులు చూశారు. పేరు లేదు కదా, బ్రహ్మాండంగా ఉందన్నారు. వ్యాసం అచ్చయింది. మా మరదలు స్వీట్లు పంచింది.

తర్వాత కొన్నాళ్ళకి షాపులో కూర్చుని ఫోను చూసుకుంటున్నవాడల్లా కొయ్యబారిపోయాడు. ఆ చిన్న దేశంలో ప్రతిపక్ష నాయకుడు సభలో లేచి, మావాడి వ్యాసం చదివి వినిపించాడట. సభంతా గొడవ గొడవ.

"మంచిదేగా, నీ రాత అంత దూరం వెళ్ళింది" అన్నాను నేను, తెలియక.

"అక్కా" అన్నాడు. "ఆ దేశంలో సభ ఒక్కటే. కార్యదర్శి కుర్చీ ఒక్కటే. దీర్ఘకాలం పనిచేసి రిటైరైనవాడు బతికున్నది ఒక్కడే."

ఒక్క క్షణం నాకూ బుర్ర పనిచెయ్యలేదు. అర్థమయ్యాక, "ఓరి నీ చదువు సంతకెళ్ళా! ఇంతోటి సంగతి నీకు తట్టలేదట్రా?" అని నోటికొచ్చినట్టు తిట్టాను. లోపల బేరానికొచ్చిన ఆవిడ ఫ్రేము అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. తమ్ముడు ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. దొరల కాలంనాటి ప్రభుత్వ రహస్యాల చట్టం ఒకటుంది. ఉద్యోగంలో చూసింది బయట చెబితే నేరం, రిటైరైనా సరే. మూడు దేశాల్లోనూ అదే చట్టం, అవే సెక్షన్లు. మావాడే తన వ్యాసంలో దాని గురించి కూడా రాశాడు. చిన్న దేశంలో దొరలు పోయాక దాన్ని ఎవరి మీదా వాడలేదు కాబట్టి, అది 'పేరుకు మాత్రమే మిగిలిన చట్టం' అన్నాడు. ఆ పేరుకు మాత్రమే మిగిలిన చట్టాన్నే దుమ్ముదులిపి ఆ పెద్దమనిషి మీద పెట్టారు. విచారణ సంఘం వేశారు. నేరం రుజువైతే పింఛను పోతుంది, జైలు కూడా పడొచ్చు. ఆ వయసులో జైలంటే ఇక చెప్పేదేముంది.

ఆ రోజుల్లో మా తమ్ముణ్ణి చూడలేకపోయాను. షేవింగు మానేశాడు. భోజనానికి కూర్చుంటే కెలికి లేచిపోయేవాడు. "ఆ వంటింట్లో ఆవిడ నాకు రెండోసారి టీ పోసిందక్కా" అని ఉన్నట్టుండి అనేవాడు. ఆయనకో ఫోను చెయ్యరా అంటే, "ఏ మొహం పెట్టుకుని చెయ్యను?" అనేవాడు. మా మరదలు చిన్నపిల్లల బళ్ళో టీచరు, ఎంత అల్లరినైనా ఓర్చుకునే మనిషి, ఆమె కూడా నా దగ్గరికొచ్చి, "వదినా, ఈయన నిద్రలో క్షమించండి క్షమించండి అంటున్నారు. నాకు భయమేస్తోంది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

విచారణ సంఘం మావాడి కేంద్రానికి కూడా రాసింది. మీకు చెప్పింది ఫలానా ఆయనేనా, కాదా అని. డైరెక్టరుగారు వీణ్ణి పిలిచి, "అవుననీ అనొద్దు, కాదనీ అనొద్దు. మనకు చెప్పినవాళ్ళ గురించి మనం మాట్లాడం. అదీ మన పద్ధతి" అన్నాడట.

"పద్ధతి!" అని నేను ఎగిరిపడ్డాను. "ఆ పద్ధతి పట్టుకు వేళ్ళాడబట్టే కదా ముసలాయన కొంప మునిగింది! నువ్వు కాదని చెప్పరా!"

"కాదంటే మరి ఇంకెవరు చెప్పారంటారు అక్కా. చెప్పగలిగినవాడు ఇంకొకడు లేడు కదా."

వాడన్నదీ నిజమే. వ్యాసం ఉన్నంతకాలం ఆయన దొరికిపోయినట్టే. తమ్ముడు ఆ కుర్చీలో కూర్చుని తలపట్టుకున్నాడు. వేరే వాళ్ళెవరైనా అయితే రెండు మంచిమాటలు చెప్పి పంపేదాన్ని. వీడికేం చెప్పాలో తెలియలేదు.

ఒక రోజు కళ్ళజోడు మర వదులైందని తీసుకొచ్చాడు. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను మర బిగిస్తుంటే, "పంపేశానక్కా" అన్నాడు తాపీగా.

"ఏం పంపావు?"

"ఆ సంభాషణ జరగలేదని. కార్యదర్శిగారు నాకేమీ చెప్పలేదని. అదంతా నేనే కల్పించి రాశానని. విచారణ సంఘానికీ, పత్రికకీ, డైరెక్టరుగారికీ ఒకేసారి పంపాను."

"నీకేమైనా మతిపోయిందిట్రా? నీ ఉద్యోగం?"

"పోతుంది."

"పరువు?"

"అదీ పోతుందిలే. ఆయన ఇంట్లో ఉంటాడు కదా" అన్నాడు. చాలా రోజుల తర్వాత వాడి మొహంలో కళ చూశాను. కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో ఒకసారి చూసుకుని, "బాగా బిగించావు" అన్నాడు.

అన్నట్టుగానే అన్నీ పోయాయి. పత్రిక వ్యాసాన్ని తీసేసింది. కేంద్రంలో బీరువా తాళాలు వెనక్కి తీసుకున్నారు. వీడు ఎత్తుకుని పెంచినట్టు చూసుకున్న శిష్యులు రోడ్డు మీద కనబడితే ఫోను చెవిన పెట్టుకునేవాళ్ళు. కట్టుకథల మాస్టారని కొత్త పేరు పెట్టారు. మా మరదలు మొదట గోడకేసి తల బాదుకున్నంత పని చేసింది. "నిజాయితీ ఒక్కటే కదండీ మనింట్లో ఉన్న ఆస్తి, అది కూడా దానం చేసొచ్చారా?" అంది. వీడు మాత్రం కడుపునిండా తిన్నాడు, హాయిగా నిద్రపోయాడు. ఎవరైనా మొహం మీద అవమానిస్తే, బాకీ తీరుతున్నవాడిలా తలాడించేవాడు.

నాకు ఒక కంట కోపం, ఒక కంట గర్వం. నా తమ్ముడు ఇంత పని చేస్తాడనుకోలేదు. బేరాలకొచ్చినవాళ్ళు మావాడి గురించి ఎకసెక్కంగా మాట్లాడితే, "మీ కంటి నంబరు ఎక్కువే కానీ మీకు కనబడేది తక్కువండీ" అని కసిరి పంపేదాన్ని.

విచారణ సంఘాన్ని రద్దు చేశారని తెలిసిన వారం, తమ్ముడు షాపులో ఉండగా ఫోను మోగింది. తెరమీద నంబరు చూసి వాడి కళ్ళు మెరిశాయి. "ఆయనేనక్కా! నువ్వూ విను" అని గొంతు బయటికి వినబడేట్టు నొక్కి, ఫోను అద్దాల బల్ల మీద పెట్టాడు. కోర్టు బంట్రోతు కూతుర్ని, దొరల భాష నాకూ ఆ మాత్రం వస్తుంది. ఆయన దండాలు పెడతాడని నేనూ చీర సర్దుకుని నిలబడ్డాను. మా ఇద్దరి తెలివీ అలా ఉంది.

"బాగున్నారా అండీ?" అన్నాడు మావాడు.

"బాగానే ఉన్నాను. ఇంట్లోనే ఉన్నాను" అన్నాడు పెద్దాయన. గొంతు నెమ్మదిగా, చదివి వినిపిస్తున్నట్టుగా ఉంది. "నిన్న సభకు వెళ్ళాను. పాత ఉద్యోగులకు పైన గ్యాలరీలో చోటిస్తారు. స్పీకరు మీ ప్రకటన మొత్తం చదివాడు. తీర్పులు బయటినుంచి వస్తాయన్నది ఒక విదేశీ పరిశోధకుడి కట్టుకథ, ఆ సంగతి ఆ పరిశోధకుడే ఒప్పుకున్నాడు, మన సభ గౌరవం నిలిచింది అన్నాడు. అందరూ బల్లలు చరిచారు. ఆ చదివిన కాగితం కూడా పార్టీ ఆఫీసునుంచి వచ్చిందే. కొత్త కార్యదర్శి తెచ్చి బల్లమీద పెట్టాడు, నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను."

మావాడు ఫోనుకి దగ్గరగా వంగాడు.

"సోమవారం విచారణకు రమ్మని నన్ను పిలిచారు, మీకు తెలుసా? నేనేం చెప్పాలో రాసుకున్నాను. అవును, నేనే చెప్పాను, ఇదీ జరిగింది, ఈ చేతులతోనే మోశాను అని అందరి ముందూ చెబుదామనుకున్నాను. మా ఆవిడ కోటు ఇస్త్రీ చేసి తగిలించింది. భయం లేదా అంటే ఉంది. కానీ ఉద్యోగమంతా ఇతరుల మాటలు మోసినవాణ్ణి, ఒక్కసారి నా మాట నేను చెబుదామనుకున్నాను. ఆ ముందు శనివారమే మనిషొచ్చి, రానక్కర్లేదు, మీరేమీ అనలేదని తేలిపోయింది అన్నాడు."

"మిమ్మల్ని జైల్లో పెడతారేమోనని..." అన్నాడు తమ్ముడు.

"పెట్టేవారేమో. అది నా సంగతి కాదా అండీ? ఇప్పుడు నేను వీధిలోకెళ్ళి నిజం చెప్పినా ఎవరు నమ్ముతారు? ప్రతిపక్షంవాళ్ళు కూడా నా మొహం చూడట్లేదు. ఒక్క ఫోను చేసి నన్ను అడగొచ్చు కదా?"

ఆయన్ని అడక్కుండా చేశాడని నాకప్పుడే తెలిసింది. అడిగే ఉంటాడులే అనుకున్నాను. ఎవరైనా అడుగుతారు కదా. వాడి వైపు చూశాను. అబద్ధమాడి తప్పించుకోవడానికి వీలుంది, లైను కలవలేదనొచ్చు, లాయరు వద్దన్నాడనొచ్చు. వాడు అవేమీ అనలేదు.

"అడిగితే మీరు వద్దంటారని తెలుసండీ" అన్నాడు.

అటువైపు వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్న శబ్దం వినబడింది.

"తెలిసే చేశారన్నమాట" అని ఆయన ఫోను పెట్టేశాడు.

తిడదామని నోరు తెరిచాను. వాడు ఫోను వైపే చూస్తూ, "అక్కా, అది పంపిన రోజు నేనెంత హాయిగా నిద్రపోయానో నీకు తెలుసా?" అన్నాడు. "ఆయన ఇంట్లో ఉన్నాడని కాదే. నా తప్పు తీరిపోయిందని."

నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ ఇప్పుడు నిజం చెప్పరా అనడానికి నోరు రాలేదు, చెబితే ఆయన మీద ఆ చట్టం మళ్ళీ లేస్తుంది. చెప్పకుండా ఊరుకోరా అనడానికీ నోరు రాలేదు. పక్కన కూర్చుని వాడి చెయ్యి పట్టుకుని, "ఈసారి మటుకు ఆయన్ని అడిగి చెయ్యరా, ఏం చేసినా" అన్నాను.

వాడు అప్పుడే ఆ నంబరుకి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఇప్పటికీ రోజూ మధ్యాహ్నం వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చేస్తాడు. ఆయన ఎత్తడు.